థాయ్‌లాండ్‌లో కుటుంబంతో పండ్లు, వంటలు రుచి చూడడం ఎలా?

పండ్ల కోసమే థాయ్‌లాండ్ వెళ్లదలచిన కుటుంబాలు మే, జూన్ నెలలను ఎంచుకోవడం మేలు. డూరియన్, మాంగోస్టీన్, రంబూతాన్ మూడూ అప్పుడు విరివిగా దొరుకుతాయి. బ్యాంకాక్‌లో చతుచక్ సంత దగ్గరున్న ఓర్ టోర్ కోర్ మార్కెట్‌లో ధరలు కాస్త ఎక్కువే అయినా, సరుకు నాణ్యమైనది కనుక మొదటిసారి తినేవారు అక్కడ మొదలుపెట్టవచ్చు.

మాంగోస్టీన్‌ను కొనేముందు వేళ్లతో మెల్లగా నొక్కి చూడాలి: తొక్క కొద్దిగా లొంగితే తాజా పండు, రాయిలా ఉంటే పాతది. పండు అడుగున పువ్వు ఆకారపు గుర్తులో ఎన్ని రేకులుంటే లోపల అన్ని తెల్లని తొనలుంటాయి కాబట్టి, పిల్లలచేత ముందు రేకులు లెక్కపెట్టించి ఆ తర్వాత వలిచి చూపండి. తొక్క రసం బట్టలకు అంటితే మరక ఒక పట్టాన వదలదు.

డూరియన్ చూపులకు మన పనసకు చుట్టమే గాని, గుజ్జు మీగడలా ఉంటుంది, వాసన మాత్రం ఘాటు. ఒక్క తొన కొని అందరూ పంచుకుని, అక్కడే తినేయండి. చాలా హోటళ్లు దానిని గదుల్లోకి రానివ్వవు.

పచ్చి బొప్పాయి తురుముతో రోట్లో దంచి చేసే సోమ్ తమ్ మన రోటి పచ్చడిని గుర్తుచేస్తుంది, అయితే అందులో సాధారణంగా చేపల సాస్, ఎండు రొయ్యలు కలుపుతారు. శాకాహారులు పసుపు జెండాపై ఎర్రని అక్షరాలతో ‘జే’ అని రాసివున్న దుకాణాలను వెతుక్కోవాలి. అక్కడి వంటల్లో వెల్లుల్లి కూడా వేయరు. పిల్లలకు కారం వద్దనుకుంటే ‘మై పెట్’ అనండి.