వీపీఎన్ ఉన్నా నా ఊరు ఎలా తెలిసింది?

వీపీఎన్ (మన ఇంటర్నెట్ ట్రాఫిక్‌ని వేరే సర్వర్ మీదుగా పంపే సర్వీసు) ఆన్‌లో ఉంది, వేరే దేశం సర్వర్ ఎంచుకున్నాను. అయినా ఒక సైట్ మా వీధి దాకా చూపించింది. నిజంగా టెన్షన్ పడ్డాను.

ముందు ఐపీ (ఇంటర్నెట్‌లో మన కనెక్షన్ అడ్రస్) లీక్ అనుకున్నాను. ఐపీతో మహా అయితే ఊరు తెలుస్తుంది, అదీ చాలాసార్లు తప్పుగా. వీధి తెలిసిందంటే దారి వేరే. వెతికితే, ఎప్పుడో ఆ సైట్‌కి బ్రౌజర్‌లో లొకేషన్ అనుమతి ఇచ్చి మరిచిపోయాను. ల్యాప్‌టాప్‌లో జీపీఎస్ లేకపోయినా, బ్రౌజర్ చుట్టుపక్కల వైఫై రౌటర్ల గుర్తింపు సంఖ్యలను లొకేషన్ సర్వీసుకి పంపుతుంది. ఏ రౌటర్ ఎక్కడుందో వాళ్ల దగ్గర ముందే నమోదై ఉంటుంది. వీపీఎన్ మార్చేది ఐపీని మాత్రమే, పక్కింటి రౌటర్‌ని కాదు కదా! అనుమతి తీసేశాను, వీధి పోయింది.

కానీ ఊరు మాత్రం ఇంకా కనిపిస్తోంది. వీపీఎన్‌ని దాటి ఏం బయటకి పోతోందో చూసే లీక్ టెస్ట్ చేస్తే నా అసలు ఐపీవీ6 (కొత్త రకం ఐపీ) అడ్రస్ బయటపడింది. నా వీపీఎన్ ఐపీవీ4 (పాత రకం ఐపీ) ట్రాఫిక్‌నే తీసుకెళ్తోంది, మిగతాది నేరుగా బయటకి పోతోంది. సిస్టమ్‌లో ఐపీవీ6 ఆపాక ఆ దారీ మూసుకుంది. డీఎన్ఎస్ (సైట్ పేరుకి ఐపీ వెతికిపెట్టే వ్యవస్థ) కూడా చూశాను, అది బాగానే ఉంది.

టైమ్ జోన్‌ని మాత్రం ఏ అనుమతీ లేకుండానే సైట్ చదవగలదు. అందుకే నేనెక్కడున్నానో తెలియకూడని పనులకి టోర్ అనే గోప్యత బ్రౌజర్ వాడుతున్నాను, అది అందరికీ ఒకే టైమ్ జోన్ చూపిస్తుంది. లాగిన్ అయి ఉంటే, ఖాతాలోని పాత అడ్రస్‌ని ఇవేవీ దాచలేవు.