ట్రోల్‌ని (గాయాలు వాటంతటవే మానిపోయే రాక్షసిని) దింపే ముందు డీఎం (డంజన్ మాస్టర్, అంటే ఆట నడిపించేవాళ్లు) జాగ్రత్తలు

- పేరు చెప్పొద్దు. "ట్రోల్" అనగానే డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే కథ అల్లుకుంటూ ఆడే ఆటలో పాతకాపులు కాగడా వెతుక్కుంటారు. కుళ్లు కంపు, గుమ్మంలో పట్టని పొడుగు చేతులు, తెగినా నేలమీద పాకే చెయ్యి... ఇవి చెప్పండి.
- 2014 రూల్స్‌లో ట్రోల్‌కి తన ప్రతి టర్న్ (వంతు) మొదట్లో 10 హిట్ పాయింట్లు (ప్రాణబలం లెక్క) తిరిగొస్తాయి. నిప్పో యాసిడో తగిలితే తర్వాతి టర్న్‌కి ఆ పప్పులుడకవు. కాగడా దెబ్బ 1 పాయింటైనా చాలు. ఇది ముందే రాసిపెట్టుకోండి, మధ్యలో పుస్తకం తిరగేస్తే టెన్షన్ హుష్‌కాకి. అంకె చెప్పకుండా, మూసుకుపోతున్న గాయాన్ని చూపించండి.
- దెబ్బలు తింటూ నిలబడనివ్వొద్దు. కాగడా ఎవరి చేతిలో ఉంటే వాళ్లమీదికే ఉరికించండి.
- కొత్తవాళ్లుంటే నిప్పు సంగతి ఊరి ముసలామె నోట ముందే అనిపించండి. లేదంటే అది భయం కాదు, అన్యాయం.
- రక్తపాతం ఎవరికి పడదో ఆటకి ముందే అడగండి.
- పారిపోయే దారి ఉంచండి.