బెంగళూరులో పాత ఇల్లు, ప్లాన్‌లో లేని గదులు: అమ్మడం ఎలా?

బెంగళూరులో ముప్పై నలభై ఏళ్ల కిందటి ఇండిపెండెంట్ ఇల్లు ఏది చూసినా ఆమోదం పొందిన ప్లాన్‌లో ఉన్నట్టే ఉండదు. పోర్టికో మీద ఓ గది లేపి ఉంటారు, మెట్ల కింద బాత్రూమ్, అద్దెలకని డాబా మీద షీట్ల పోర్షన్, బిల్లులుండవు, కట్టిన మేస్త్రి ఎక్కడున్నాడో ఎవరికీ తెలీదు. అయినా అమ్మొచ్చు, కాకపోతే కొనేవాళ్ల బ్యాంకు వాల్యుయర్ టేపుతో వచ్చి పట్టుకునేలోపు మీరే చెప్పేయాలి.

1. ముందు కాగితాలు. కర్ణాటక రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్ కావేరి పోర్టల్‌లో ఈసీ (ఆస్తి మీద లావాదేవీలు, తాకట్లు చూపే సర్టిఫికెట్) తీయండి. ఈ-ఖాతా, అంటే ఆస్తి ఎవరి పేరున ఉందో చూపే కార్పొరేషన్ ఆన్‌లైన్ రికార్డు, లేకపోతే ఇప్పుడు రిజిస్ట్రేషనే జరగదు, ఖాతా ఇంకా నాన్నగారి పేరు మీదే ఉంటే ఆ పని ఈరోజే మొదలుపెట్టండి. సాంక్షన్ ప్లాన్ పోయిందా? కార్పొరేషన్‌లో ఆర్టీఐ పెట్టి కాపీ అడగండి. ప్రాపర్టీ ట్యాక్స్‌లో పై గది కొలత కలిపారో లేదో కూడా చూసుకోండి, లాయర్లు మొదట వెతికేది అదే.

2. ప్లాన్ చేత్తో పట్టుకుని ఇల్లంతా తిరిగి తేడాలన్నీ రాసుకోండి, తర్వాత ఇంజనీర్‌తో ఇప్పుడున్నది ఉన్నట్టు డ్రాయింగ్ గీయించండి. హాలుకీ వంటింటికీ మధ్య గోడ తీసేసి ఉంటే మాత్రం అక్కడ ఆగాలి. పాత ఇళ్లలో చాలావాటికి పిల్లర్లుండవు, స్లాబ్ బరువంతా తొమ్మిదించుల గోడల మీదే. తీసింది నాలుగున్నర ఇంచుల పార్టిషన్ అయితే మామూలుగా భయం లేదు, తొమ్మిదించులదైతే దాని బదులు బీమ్ వేశారా అన్నది తేలాలి. ఫాల్స్ సీలింగ్ అడ్డమొస్తే ఒక లైటు విప్పించి ఆ కంతలోంచి టార్చ్ వేసి చూడండి, తెలిసిపోతుంది. మెట్ల కింద బాత్రూమ్‌లో ఓ బకెట్ రంగునీళ్లు పోసి బయట మ్యాన్‌హోల్ మూత తీసి చూడండి, అక్కడికి రాలేదంటే పైపు వాన కాలవలోకి కలిపారేమో అని అనుమానించాలి.

3. రిపేర్లు అప్పుడే మొదలెట్టొద్దు. జయనగర్, బసవనగుడి లాంటి చోట్ల చాలామంది కొనేది సైటు కోసమే, ఇల్లు ఎలాగూ పడగొడతారు, మీరు కొత్త టైల్స్ వేయించి ఏం లాభం! ఉండడానికి కొనేవాళ్లయితే షీట్ల పోర్షన్ ముందే తీయించేయడం నయం. బ్రోకర్ "అక్రమ సక్రమలో రెగ్యులరైజ్ చేయించేద్దాం సార్" అంటే నమ్మి రేటు పెంచకండి, ప్లాన్‌కి విరుద్ధంగా కట్టినవాటిని సక్రమం చేసే ఆ ప్రభుత్వ స్కీమ్ మీద సుప్రీంకోర్టు 2017లోనే స్టే ఇచ్చింది.

4. మీకు తెలిసి, కొనేవాళ్లకి మామూలుగా చూస్తే కనపడని లోపాన్ని చెప్పి తీరాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 55 అంటోంది. అందుకే ఆ డ్రాయింగ్, తేడాల లిస్టు అగ్రిమెంట్‌కి జతచేసి ఇద్దరూ సంతకాలు పెట్టండి. ప్లాన్‌లో లేని భాగానికి బ్యాంకు సాధారణంగా లోన్ లెక్కకట్టదు, కాబట్టి అడ్వాన్స్ తీసుకునేముందే వాళ్ల లోన్ ఎంతవరకు వస్తుందో అడగండి.

5. ట్యాక్స్ విషయానికొస్తే, అమ్మకం 50 లక్షలు గానీ ఆపైన గానీ అయితే కొనేవాళ్లు 1 శాతం టీడీఎస్ (మీకిచ్చే డబ్బులోంచి ముందే మినహాయించే పన్ను) పట్టుకుంటారు. పాత బిల్లులు లేవని దిగులొద్దు, 2001 ఏప్రిల్ 1కి ముందు కట్టించిన వాటి ఖర్చు ఎలాగూ పన్ను కోసం వేసే లాభం లెక్కలోకి రాదు, ఆ తేదీ నాటి ఇంటి విలువ రిజిస్టర్డ్ వాల్యుయర్‌తో రాయించుకుని ఆడిటర్‌కి ఇవ్వండి.