గెడ్డ పక్క సైటు మెరక చేయడం ఎలా? టిప్పర్ కంటే ముందు టేపు పట్టుకోండి

విశాఖ చుట్టుపక్కల పరదేశిపాలెం లోపలో, భీమిలి దగ్గర గోస్తనీ ఒడ్డునో, మేఘాద్రి గెడ్డ దిగువనో సైటు కొన్నవాళ్లు దాదాపు అందరూ ఒకే తప్పు చేస్తారు. మే నెలలో చూస్తారు. గెడ్డలో (మా వైపు వాగుని అలాగే అంటాం) నెర్రెలు, సర్కారు తుప్పలు తప్ప ఏమీ కనబడవు. వర్షాలు పడేలోపే కానిచ్చేద్దామని రాత్రికి రాత్రి నలభై టిప్పర్ల గ్రావెల్ దింపించేస్తారు. నోటీసు వచ్చాక నాకు ఫోను. ఇరవై ఏళ్లుగా ఈ పనే చేస్తున్నాను, ఒక్కొక్కరికీ మళ్లీ మొదట్నుంచి చెప్పే ఓపిక లేక ఇక్కడ రాసేస్తున్నా.

ముందు కాయితాలు. అడంగల్ (ఊరి భూముల రికార్డు), ఎఫ్‌ఎంబీ (సర్వే నంబరు హద్దులు, కొలతలు ఉండే పటం), 22ఏ నిషేధిత జాబితా (రిజిస్ట్రేషన్ చేయకూడని భూములు). మీ సర్వే నంబరు పక్కన ‘గెడ్డ పోరంబోకు’ అనో ‘చెరువు గర్భం’ అనో ఉంటే ఇంకేమీ చదవక్కర్లేదు, అడ్వాన్సు వెనక్కి అడగండి. ఇది ఒక్కపూట పని.

అసలు కథ గీత దగ్గర. నీటి హద్దు ఎక్కడ, అక్కడ్నుంచి ఎంత వదలాలి అన్నది తేలకుండా ఒక్క తట్ట మట్టి కూడా వేయకూడదు. 2017 బిల్డింగ్ రూల్స్ ప్రకారం 10 మీటర్ల వరకు వెడల్పున్న కాలవ, వాగు, నాలా అయితే హద్దు నుంచి 2 మీటర్లు, అంతకంటే వెడల్పుంటే 9 మీటర్లు వదలాలి. చెరువు 10 హెక్టార్లు, ఆపైన ఉంటే (కొండకర్ల ఆవలాంటివి) ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీరు నిలిచే హద్దు) నుంచి 30 మీటర్లు, చిన్న చెరువైతే 9. నదికి మునిసిపల్ పరిధిలో 50, బయట 100. ఇవి నీళ్ల నుంచి కొలిచేవి కావు, హద్దు నుంచి కొలిచేవి. వేసవిలో నీళ్లు గెడ్డ మధ్యలో జానెడు పాయగా పారుతుంటాయి, అక్కడ్నుంచి టేపు పట్టి ‘తొమ్మిది మీటర్లు వదిలాం సార్’ అంటారు. హద్దంటే ఇరిగేషన్, రెవెన్యూ వాళ్లు కలిసి చూపించి సంతకం పెట్టిందే. మీ సొంత సర్వేయర్ డీజీపీఎస్ (శాటిలైట్‌తో కొలిచే పరికరం) తెచ్చి పాతిన రాళ్లు మీ మనశ్శాంతికి తప్ప దేనికీ పనికిరావు.

ఎఫ్‌ఎంబీ చదవడంలో ఇంకో గోతి ఉంది. పాత ఎఫ్‌ఎంబీల్లో కొలతలు లింకుల్లో ఉంటాయి, ఒక లింకు 7.92 అంగుళాలు. 60 అని రాసి ఉంటే దాన్ని 60 అడుగులని చదివి, కంచె ఇరవై అడుగులు అవతలికి జరిపేసిన మేస్త్రీని నేనే పనిలో పెట్టుకున్నాను ఒకప్పుడు. ఆ కంచె తీయించిన ఖర్చు నా జేబులోంచే పోయింది.

గీత పడ్డాక కూడా ఊళ్లో పెద్దవాళ్లని అడగండి. మధురవాడ అవతల ఓ సైటులో గొర్రెలు కాసుకునే తాత చేతికర్రతో తాటిచెట్టు మొదలు చూపించి, ‘హుద్‌హుద్‌కి నీరు ఇక్కడిదాకా వచ్చేసింది బాబూ’ అన్నాడు. కాయితం మీద హద్దు ఆ చెట్టు దాకా రాదు, చాలా గెడ్డ వైపే ఉంది. నేను తాత మాటే పట్టుకున్నాను.

సముద్రం దగ్గరైతే సీఆర్‌జెడ్ (తీరప్రాంత నియంత్రణ నిబంధనలు) వేరే. పోటు గీత నుంచి 500 మీటర్లు దాని పరిధి. ఆటుపోట్లు వచ్చే నది, క్రీక్ ఒడ్డున అయితే మీకు చూపించే మ్యాపు ఏ నోటిఫికేషన్‌దో అడగండి: 2011ది అయితే 100 మీటర్లు, 2019ది అయితే 50; ఏదైనా సరే, క్రీక్ వెడల్పు దానికంటే తక్కువైతే ఆ వెడల్పే. ‘మా దగ్గర నది నీళ్లు తియ్యగానే ఉంటాయండి’ అని వానాకాలంలో తాగి చూపిస్తే కుదరదు, బాగా ఎండిన రోజుల్లో లీటరుకి 5 గ్రాముల ఉప్పు ఎంతవరకు తగులుతుందో అంతవరకూ ఆటుపోటు కిందే లెక్క.

ఇంకో అపోహ. వదిలిన జాగాలో ఇల్లు కట్టకూడదు గానీ మట్టి పోసుకోవచ్చు కదా అంటారు. పోయకూడదు. అది పచ్చగా, ఉన్న ఎత్తులోనే ఉండాలి. 300 గజాల సైటుని నాలుగడుగులు మెరక చేస్తే దగ్గర దగ్గర 3 లక్షల లీటర్ల నీటికి చోటు పోయినట్టు. ఆ నీరు గాల్లో కలిసిపోదు, పక్కింటి వంటగదిలో తేలుతుంది. అందుకే నేను సైటంతా ఎప్పుడూ మెరక చేయను. ఇంటి అడుగు, దానికి చుట్టూ ఓ మూడడుగులు, గేటు దాకా బాట, అంతే. మిగతాది పల్లంగానే వదిలేస్తాను. బిల్డర్లకి ఇది నచ్చదు, ఫొటోలో సైటు చదునుగా కనపడదని.

మట్టి సంగతి త్వరగా చెప్పేస్తా. గ్రావెల్ ఒక్కటే. కూల్చిన ఇళ్ల చెత్త వద్దు. థర్మల్ ప్లాంటు బూడిద చవకే, వాన కోస్తే మాత్రం గెడ్డలోకే పోతుంది. భీమిలి దగ్గర తవ్వకూడని ఎర్రమట్టి దిబ్బల వైపు నుంచి తెస్తామనేవాణ్ని గేటు దాటనివ్వకండి. మైన్స్ పర్మిట్ స్లిప్పు లేని టిప్పర్ని కూడా అంతే, పట్టుబడితే సైటు ఓనర్నీ వదలరు. తొమ్మిది అంగుళాల పొరలుగా పరిచి, తడిపి, రోలర్ తిప్పి, తర్వాతే పై పొర. నాలుగడుగులూ ఒకేసారి పోసి జేసీబీ బకెట్‌తో తట్టడాన్ని ఫిల్లింగ్ అనరు.

పై సైటు నుంచి నీరు మీ సైటు మీదుగా దిగేదైతే ఆ దారి మూయకండి. నీరు పోయేచోటే తూము పెట్టండి, రెండడుగుల వ్యాసానికి తగ్గకుండా, సన్నటి పైపు ఒక్క తాటాకు అడ్డం పడితే మూసుకుపోతుంది. అంతా అయ్యాక నాలుగు మూలలా పెగ్గులు పాతి, మట్టం ఎక్కడుందో పెయింటుతో గీసి, ఫొటో తీసి పెట్టుకుని, తుపాన్లొచ్చే అక్టోబరు ఒకటి గడిచేదాకా పునాది తవ్వకండి. ఆ పెయింటు గీత కింద మట్టి ఎంత దిగిందో చూసుకుని, దిగినంత మేర మళ్లీ గ్రావెల్ వేసి, అప్పుడు మేస్త్రీని పిలవండి.