దీపావళి లోపు కుందేలు మెడ ఖాళీ చేయండి

ఇంట్లో కుందేలు ఉంటే, దీపావళి పనుల్లో మొట్టమొదట దాని మెడ తడిమి చూడండి. మువ్వల పట్టీ, రిబ్బను, పిల్లికని కొన్న కాలర్, దిష్టి తగలకుండా కట్టిన నల్లతాడు, ఏది ఉన్నా తీసేయండి. పండగ పూట తీసి మర్నాడు మళ్లీ కట్టడం కాదు, ఇక ఎప్పుడూ కట్టొద్దు. మామూలు రోజుల్లోనూ అది ప్రమాదమే. కాకపోతే టపాసుల రాత్రి ఆ ప్రమాదం నిమిషాల్లో ప్రాణం మీదికి వస్తుంది. అందుకే ఈ పండగనే గడువుగా పెట్టుకోమంటున్నాను.

దూడకు పలుపు, మేకపిల్లకు గంట, కుక్కకు బెల్టు. పెంచుకునే జంతువు మెడలో ఏదో ఒకటి ఉండటం మనకు అలవాటే. కుందేలు మాత్రం ఆ లెక్కలోకి రాదు. ఎన్నో జంతువులకు ఆహారమైపోయే ప్రాణి అది. భయమేస్తే రెండే పనులు చేస్తుంది: కదలకుండా బిగుసుకుపోతుంది, లేదా ఉన్న బలమంతా పెట్టి ఒక్క ఉదుటున దూకి పరిగెడుతుంది. దాని ఒంటి బరువులో ఎముకల వాటా ఎనిమిది శాతం దాకానే ఉంటుంది, పిల్లికైతే పన్నెండు, పదమూడు శాతం. వెనక కాళ్ల కండలు మాత్రం చాలా బలమైనవి. మెడ ఎక్కడో చిక్కుకుందనుకోండి, కుక్క ఆగి అరుస్తుంది, మనం వెళ్లి విడిపిస్తాం. కుందేలు సాధారణంగా అరవదు, ఆగదు, తన్నుకుంటుంది. మెడ కదలకుండా ఉండి వెనక కాళ్లు ఆ బలంతో తన్నితే నడుం దగ్గర వెన్నెముక విరగొచ్చు. ఆ తర్వాత వెనక కాళ్లు పడిపోతాయి. వెన్ను విరగకపోయినా పట్టీ గొంతుకు బిగుసుకుంటుంది. కుందేలు ముక్కుతోనే ఊపిరి తీసుకుంటుంది, మనలా నోరు తెరిచి గాలి పీల్చుకుని తట్టుకోలేదు.

చిక్కుకోవడానికి పెద్ద కారణమేదీ అక్కర్లేదు. బోను జాలీలో తెగిన తీగ కొస చాలు. తలుపు గడియ, సోఫా అడుగున వేలాడే గుడ్డ, కుండీలో ఎండిన కొమ్మ, ఏదైనా సరే. అసలు బయటి వస్తువే అవసరం లేదు. కుందేలు రోజంతా ఒళ్లు నాక్కుంటూ శుభ్రం చేసుకుంటుంది. అలా ఛాతీ నాక్కుంటున్నప్పుడు కింది దవడ పట్టీ లోపలికి దూరి ఇరుక్కుపోతుంది. చెవి గోక్కునేటప్పుడు కాలి గోరు పడుతుంది. జంటగా పెంచేవాళ్లింట్లో ఒకదాని పట్టీ రెండోది కొరుకుతుంది. కొరికిన గుడ్డముక్క, ప్లాస్టిక్ ముక్క మింగితే కుందేలు కక్కలేదు, దానికి వాంతి అయ్యే వీలే లేదు. అది పేగుల్లో అడ్డుపడుతుంది.

"లాగితే దానంతట అదే ఊడిపోయే కాలర్ కొన్నాం కదా" అని కొందరంటారు. ఆ క్లిప్పు పిల్లి బరువుకు, పిల్లి వేలాడినప్పుడు పడే లాగుడుకు చేసింది. కిలోన్నర కుందేలు లాగితే ఊడుతుందని నమ్మడానికి లేదు. ఊడాలని వదులుగా పెడితే ముందుకాలు అందులో దూరి చంక కింద కోసుకుంటుంది. దాన్ని మంచి ఉపాయంగా నేను ఒప్పుకోను.

అన్నిటికన్నా ఎక్కువ భయపడాల్సింది నల్లతాడుకి. అది సాగదు, తెగదు, వెంట్రుకల్లో కనపడదు. సంతలో కొన్నప్పుడు కుందేలు అరచేతిలో పట్టే పిల్ల. మన దగ్గర ఎక్కువగా దొరికే న్యూజిలాండ్ వైట్ రకం పన్నెండు వారాలకే రెండు కిలోల దగ్గరికి వస్తుంది, పెద్దదైతే నాలుగైదు కిలోలు తూగుతుంది. మెడ లావెక్కుతుంటుంది, తాడు అంతే ఉంటుంది. పైన బొచ్చు దట్టంగా ఉండటంతో చర్మంలోకి దిగేదాకా ఎవరికీ తెలియదు. ఆడ కుందేలుకి గడ్డం కింద గంగడోలు వస్తుంది, ఆ మడతలో పట్టీ పూర్తిగా దాక్కుంటుంది. నీళ్లు తాగినప్పుడల్లా తడిసి, ఆరక, చర్మం ఒరుసుకుపోయి పుండవుతుంది. వానలు వెళ్లీ వెళ్లని ఈ రోజుల్లో ఆ తడికి ఈగలు వాలితే పురుగులు పడటానికి ఒక్క రోజు చాలు.

తాడు నాయనమ్మో అమ్మమ్మో కట్టి ఉంటే తీసేయడం అంత తేలిక కాదని తెలుసు. ఆవిడ కట్టింది కుందేలు బాగుండాలనే. "నాయనమ్మా, మెడకొద్దు, బోనుకు కడదాం" అనండి. బోను బయట, పైభాగాన, కుందేలు నోరు అందని చోట కట్టనివ్వండి. ఆవిడకీ తృప్తి, దానికీ క్షేమం.

తీసేటప్పుడు ఇద్దరుండాలి. బల్ల మీదో ఒళ్లోనో వద్దు, నేల మీదే కూర్చోండి. జారి దూకినా దెబ్బ తగలదు. పెద్ద తువ్వాలు పరిచి కుందేలుని మధ్యలో ఉంచి, కాళ్లు ఒంటి కిందికి వచ్చేలా రెండు పక్కల నుంచీ కప్పి, తల ఒక్కటే బయటికి ఉంచండి. వెల్లకిలా తిప్పొద్దు. అలా తిప్పితే అది కదలకుండా ఉండేది హాయిగా ఉండి కాదు, భయంతో. ఒకరు తువ్వాలు పట్టుకుంటే రెండోవాళ్లు వేళ్లతో బొచ్చు పాయలు తీసి తాడు వెతకాలి. చెవుల వెనక నుంచి మొదలుపెట్టి గడ్డం కింది మడత దాకా రండి. తాడుకీ చర్మానికీ మధ్య చెంచా కాడ నెమ్మదిగా దూర్చి, ఆ కాడ మీద ఆనించి, గుండ్రటి మొనలున్న కత్తెరతో తాడు కత్తిరించండి. కుందేలు చర్మం చాలా పల్చన, బొచ్చుతో పాటు పైకి లేచి కత్తెరలో పడుతుంది. బ్లేడు, చాకు దగ్గరికి రానీయొద్దు. చెంచా కాడ దూరనంతగా తాడు దిగిపోయి ఉంటే అక్కడితో ఆపి, పశువుల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

తీశాక ముట్టుకుని చూడండి. తడి, ఎరుపు, బొచ్చు ఊడిన చార, చెడు వాసన, వీటిలో ఏదున్నా డాక్టర్‌కి చూపించాల్సిందే. పిల్లలకి వాడగా మిగిలిన అమాక్సిసిల్లిన్ సిరప్ పట్టొద్దు. పెన్సిలిన్ జాతి మందులు నోటి ద్వారా ఇస్తే కుందేలు పేగుల్లోని మేలుచేసే బాక్టీరియా చచ్చి, ప్రాణమే పోవచ్చు.

కుక్కలకు, పిల్లులకు అమ్మే గోమార్ల మందు పట్టీలు కూడా కట్టొద్దు. ఫిప్రోనిల్ అనే మందు కుందేలుకి విషం. వీపు మీద వేసే చుక్కల మందుల్లో అది తరచుగా ఉంటుంది, కాబట్టి వాటినీ ముట్టుకోవద్దు. మువ్వల సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. ఎక్కడ ఏ చప్పుడైనా చెవులు తిప్పి వినే ప్రాణికి గొంతు కిందే రోజంతా గలగల వినిపించడం తీరని బాధ.

మరి తప్పిపోతే గుర్తు పట్టేదెలా అంటే, మైక్రోచిప్ ఉంది. బియ్యపుగింజంత ఉంటుంది, డాక్టర్ సూదితో భుజాల మధ్య చర్మం కింద పెడతారు. స్కానర్ పెడితే పదిహేను అంకెల నంబరు కనిపిస్తుంది. మీ ఊళ్లో ఆ సౌకర్యం లేకపోతే రెండు పక్కల నుంచి, చెవుల లోపలి వైపు, పాదాల దగ్గర ఫొటోలు తీసి ఉంచుకోండి. పండక్కి ముందు గేటు కింది సందు, బాల్కనీ ఊచల మధ్య ఖాళీ మూసేయండి. తప్పించుకున్న కుందేలు సాధారణంగా దూరం పోదు. ఆగిన బండి కిందో, పొదలోనో నక్కి ఉంటుంది. తెల్లవారుజామున, సందెవేళ కొత్తిమీర కట్టతో నేల మీద కూర్చుని పిలవండి, వెంటపడొద్దు.

ఇక ఆ రాత్రి సంగతి. 2018లో సుప్రీంకోర్టు దీపావళి నాడు టపాసులకు రాత్రి 8 నుంచి 10 వరకే సమయం ఇచ్చింది. మన వీధుల్లో చీకటి పడకముందే మొదలవుతాయి కాబట్టి సాయంత్రం ఐదింటికే బోను లోపలి గదిలోకి మార్చండి. కిటికీలు మూసి, ఫ్యాను వేసి, టీవీ మామూలు శబ్దంలో పెట్టండి. బోను మీద దుప్పటి మూడు వైపులా కప్పి ఒక వైపు గాలికి వదలండి. రెండు దారులు కోసిన అట్టపెట్టె లోపల పెడితే అందులో దాక్కుంటుంది. జంట ఉంటే విడదీయొద్దు. పాపం వణుకుతోందని చంకనేసుకోవద్దు. ఒక్క తన్నుకి జారి పడితే నడుం పోతుంది. పక్కన నేల మీద కూర్చుంటే చాలు. వీపుకు తొడిగే హార్నెస్ కూడా ఆ పూట వద్దు.

ఎండుగడ్డి ఉన్న గదిలో దీపం పెట్టొద్దు. సీరియల్ బల్బుల తీగలు దాని నోటికి అందకుండా పైకి కట్టండి, వాటిని కొరకకుండా వదిలే కుందేలు ఉండదు. మర్నాడు వీధి పక్కన గరిక కోసుకురావొద్దు. టపాసుల బూడిద, మందు పొడి దాని మీద పడి ఉంటాయి. ఒకటి రెండు రోజులకి సరిపడా గరిక ముందే కోసి కడిగి ఆరబెట్టుకోండి.

తెల్లారగానే బోనులో పెంటికలు చూడండి. భయం వల్ల కుందేలు పేగులు మందగిస్తాయి. పెంటికలు తక్కువగా, చిన్నగా ఉన్నా, అసలు లేకపోయినా, పన్నెండు గంటలు ఏమీ తినకపోయినా అది అత్యవసరమే, సాయంత్రం దాకా ఆగొద్దు. వెనక కాళ్లు ఈడుస్తుంటే కదపకుండా, అట్ట మీదకు మెల్లగా జరిపి, ఆ అట్టతోనే తీసుకెళ్లండి. పండగ పూట చాలా క్లినిక్‌లు మూసి ఉంటాయి. కుందేళ్లను చూడటం తెలిసిన డాక్టర్ ఎవరో, ఆ రెండు రోజులు ఉంటారో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోండి. హైదరాబాద్ వాళ్లకు రాజేంద్రనగర్‌లో, ఆంధ్రా వాళ్లకు తిరుపతి, గన్నవరాల్లో వెటర్నరీ కాలేజీలున్నాయి. అక్కడి ఆసుపత్రులు పండగ రోజుల్లో ఏ వేళల్లో తెరిచి ఉంటాయో కూడా ఈ వారమే అడిగి రాసి పెట్టుకోండి.