స్టాలోన్ ‘ఆస్కార్’ చూసేటప్పుడు కన్ను తలుపుల మీద ఉంచండి

‘ఆస్కార్’ అని వెతికితే అవార్డుల వార్తలే వస్తాయి. ‘స్టాలోన్ ఆస్కార్ 1991’ అని కొట్టండి. దర్శకుడు జాన్ ల్యాండిస్ అని ఉంటే నేను చెప్పే సినిమా అదే. లూయీ ద ఫ్యునెస్‌తో 1967లో వచ్చిన ఫ్రెంచ్ సినిమాదీ ఇదే పేరు. రెండింటికీ మూలం క్లోడ్ మాన్యే రాసిన నాటకం.

తలుపుల్లోంచి మనుషులు వస్తూ పోతూ గందరగోళం పెంచే హాస్య నాటకం అన్న సంగతి గుర్తుంచుకునే కూర్చోండి. రాంబో కోసం వచ్చినవాళ్లకి ఇందులో ఏమీ దొరకదు. విమర్శకులు అప్పట్లో ఉతికి ఆరేశారు, స్టాలోన్‌ని చెత్త నటుడిగా ‘గోల్డెన్ రాస్ప్‌బెర్రీ’ (రాజీ) అవార్డుకి నామినేట్ కూడా చేశారు. అది అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను. పరిషత్తు నాటకాలకు చాలా ఏళ్లు సెట్లు కట్టినవాణ్ణి, ఈ రకం నటన ఎంత కష్టమో దగ్గర్నుంచి చూశాను.

ఒకసారి నేను బిగించిన తలుపు ఇరుక్కుపోయింది. రావలసిన పాత్ర రెండు మూడు క్షణాలు ఆలస్యమైంది, హాల్లో నవ్వు చచ్చిపోయింది. స్టేజీ మీద ఉన్న హీరో ఆ కాసేపూ మొహం మార్చకుండా, తలుపువైపు చూడకుండా, చేతిలో కాఫీ గ్లాసు తిప్పుతూ నిలబడ్డాడు. నాటకాన్ని నిలబెట్టింది అతనే. ‘ఆస్కార్’లో స్టాలోన్ చేసిన పని సరిగ్గా అదే.

మొదటి సీన్ వదలొద్దు. చావుమంచం మీద తండ్రి కిర్క్ డగ్లస్ గ్యాంగ్‌స్టర్ కొడుకు స్నాప్స్ (స్టాలోన్) చెంపలు వాయించి, నిజాయితీగా బతుకుతానని ఒట్టు వేయించుకుంటాడు. ఆ తర్వాత స్నాప్స్ కోపం మింగినప్పుడల్లా ఆ ఒట్టే గుర్తుకు రావాలి. కథ 1931 నాటిది, అమెరికాలో మద్యనిషేధం రోజులు. మధ్యాహ్నం బ్యాంకర్లు వస్తారు, ఈలోపు ఇల్లంతా తలకిందులవుతుంది.

మొదటిసారి సబ్‌టైటిల్స్ పెట్టుకుని, కాగితం దగ్గర ఉంచుకోండి. ఒకేలా ఉండే నల్ల బ్యాగులు మూడు: ఒకదాంట్లో డబ్బు, ఒకదాంట్లో నగలు, ఒకదాంట్లో పనిమనిషి లోదుస్తులు. ఏది ఎవరి చేతిలో ఉందో రాసుకుంటూ ఉండండి. ‘స్నాప్స్ కూతురు’ అన్న మాట వినగానే ఎవరి గురించి అంటున్నారో ఆగి ఆలోచించండి.

రెండోసారి సబ్‌టైటిల్స్ తీసేసి స్టాలోన్‌నే చూడండి. అకౌంటెంట్ పొద్దున్నే వచ్చి జీతం పెంచమంటాడు, మీ అమ్మాయిని పెళ్లి చేసుకుంటానంటాడు, యాభై వేల డాలర్లు కాజేశానని కూడా ఒప్పుకుంటాడు. అప్పుడు మాట్లాడేవాణ్ణి వదిలేసి, వింటున్నవాడి కళ్లూ మెడా చూడండి. కొలతలు తీసే ఫినూచీ సోదరులు, ఉచ్చారణ నేర్పే టిమ్ కర్రీ ఎంత హడావిడి చేసినా నవ్వు పుట్టేది ఆ మొహం దగ్గరే. ఆ టెన్షన్‌ని స్టాలోన్ ఎక్కడా వెకిలితనంలోకి జారనివ్వలేదు.

టైటిల్స్‌లో బొమ్మ పాడే పాటను, ఇటలీ స్వరకర్త రోసీనీదాన్ని, కూడా దాటేయకండి, సినిమా వేగం అక్కడే పట్టుబడుతుంది. ఇంతకీ ఆస్కార్ అంటే ఆ ఇంటి కారు డ్రైవర్. చివరిదాకా కనిపించడు. అతను వచ్చేవరకూ కుర్చీ వదలకండి.