ఎర్రబడ్డ కన్ను అన్నిసార్లూ కళ్ళకలక కాదు

బెంగళూరు మారతహళ్ళిలో పీజీలో ఉంటున్నప్పుడు ఒక సోమవారం నా ఎడమ కన్ను ఎర్రబడింది. కళ్ళకలకేమో అనుకున్నాను. రూమ్మేట్ దగ్గర పాత చుక్కల మందు ఉంటే, "వేసుకోవే, రెండ్రోజుల్లో తగ్గుతుంది" అంది. అట్ట మీద చూస్తే స్టెరాయిడ్ అని ఉంది. అది వేసుకోకపోవడమే నన్ను కాపాడింది.

కళ్ళకలకైతే మంట, నీరు, పుసి ఉంటాయి, చూపు పెద్దగా దెబ్బతినదు. నాకు అలా లేదు. ట్యూబ్‌లైట్ వైపు చూస్తే కన్ను పొడిచినట్టు నొప్పి, చూపు మసక. పైగా నేను కాంటాక్ట్ లెన్సులు వాడతాను. ముందు రాత్రి అవి తీయకుండానే నిద్రపోయాను. సాయంత్రానికి టెన్షన్ పెరిగి, లెన్సులు తీసి, డబ్బాతో సహా పట్టుకుని కంటి డాక్టర్ దగ్గరికి వెళ్ళాను.

ఆవిడ నారింజ రంగు కాగితం ముక్క కంటికి తాకించి, నీలం లైటులో చూశారు. నల్లగుడ్డు మీద ఆకుపచ్చగా చిన్న చుక్క మెరిసింది. కార్నియా (నల్లగుడ్డు మీదుండే పారదర్శక పొర) మీద పుండు. స్టెరాయిడ్ పడి ఉంటే ఇన్ఫెక్షన్ ముదిరేదన్నారు. గంటగంటకీ యాంటీబయోటిక్ చుక్కలు, రాత్రి కూడా అలారం పెట్టుకుని వేసుకున్నాను. మర్నాడే మళ్ళీ చూపించుకోమన్నారు. తగ్గడానికి దాదాపు రెండు వారాలు పట్టింది.

లెన్సులు వాడేవాళ్ళకు కన్ను ఎర్రబడితే, నొప్పి, వెలుతురు పడకపోవడం, చూపు మసకబారడం కనిపిస్తే దయచేసి ఆ రోజే వెళ్ళండి. కంట్లో దెబ్బ తగిలినా, ఏదైనా రసాయనం పడినా అంతే. రసాయనమైతే ముందు ధారగా నీళ్ళతో బాగా కడగాలి. లెన్సులను మాత్రం కుళాయి నీళ్ళతో ఎప్పుడూ కడగొద్దు. నేను ఆ పాత లెన్సుల డబ్బా పారేశాను.